‘పరాషా’ అంటే ఏమిటి? యూదు ఆడవాళ్ళు వారం వారం తోరా ఎందుకు చదువుతారు?

నీ ప్రశ్న చదివాను చెల్లీ. ఇజ్రాయెల్‌లోని రమత్ గన్‌లో ఎనభై దాటిన మామ్మగారి దగ్గర పనికి కుదిరానన్నావు. మంగళవారం సాయంత్రమైతే ఏడెనిమిది మంది ఆడవాళ్ళు వచ్చి టేబుల్ చుట్టూ కూర్చుంటారు, ‘పరాషా’ అంటూ పుస్తకాలు తెరుస్తారు, కాసేపటికి గొంతులు లేస్తాయి. కొట్టుకుంటారేమోనని నువ్వు భయపడుతుంటే, చివరికి నవ్వుకుంటూ కేకు తిని వెళ్ళిపోతారు. అదేం చదువు? అంత పాత మాటలతో ఈ కాలపు ఆడవాళ్ళకు ఏం పని? తెలుగు బైబిలు చదువుకున్న మనం పక్కన కూర్చోవచ్చా? ఇవీ నువ్వడిగినవి.

అక్కా అన్నావు కాబట్టి ‘నువ్వు’ అనే రాస్తున్నాను. నేనూ కేర్‌గివర్‌గా వచ్చినదాన్నే, ఇక్కడ చాలా ఏళ్ళయింది. అలాంటి టేబుళ్ళ దగ్గర మొదట్లో టీ పోశాను, తర్వాత పక్కన కూర్చున్నాను, హీబ్రూ వచ్చాక నోరు కూడా విప్పాను. నేను యూదురాలిని కాను, రబ్బీని, అంటే మతగురువుని, అసలే కాను. చూసిందీ చదివిందీ చెబుతాను.

పరాషా అంటే ఆ వారానికి వచ్చిన భాగం. ఆదికాండం నుంచి ద్వితీయోపదేశకాండం దాకా ఉన్న అయిదు పుస్తకాలే వీళ్ళ తోరా. దాన్ని 54 భాగాలు చేసుకుని, ఏడాదిలో పూర్తయ్యేలా వారం వారం చదువుతారు. వీళ్ళ క్యాలెండర్లో కొన్ని ఏళ్ళకు పన్నెండు నెలలు, కొన్నిటికి పదమూడు. నెల తక్కువైన ఏడు అక్కడక్కడ రెండేసి భాగాలు కలిపేస్తారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో పర్ణశాలల పండుగ ముగిశాక సిమ్హత్ తోరా, అంటే తోరా సంబరం, వస్తుంది. ఆ రోజు మోషే చనిపోయే ఆఖరి అధ్యాయం చదివి, గుక్క తిప్పుకోకుండా ఆ పూటే మళ్ళీ ఆదికాండం మొదటి అధ్యాయం ఎత్తుకుంటారు. హమాస్ దాడి జరిగిన 2023 అక్టోబరు 7 సరిగ్గా ఆ రోజే. అందుకే ఇప్పుడు ఆ పండుగ వస్తే ఈ ఇళ్ళలో సంతోషమూ దుఃఖమూ కలిసే ఉంటాయి, చూసుకుని మసలుకో.

వీళ్ళ ప్రార్థనా స్థలమైన సమాజమందిరంలో సోమ, గురువారాల పొద్దున రాబోయే భాగంలో కొంచెం, శనివారం పూర్తిగా చదువుతారు. మీ ఇంట్లో మంగళవారం జరిగేది షియూర్, అంటే పాఠం. శనివారం చదవబోయేదాన్ని ముందే కూర్చుని తవ్వుకోవడం.

మన ఊళ్ళో కార్తీకమాసం వస్తే రోజుకో అధ్యాయం చొప్పున కార్తీక పురాణం చదివే ఇళ్ళు చూసే ఉంటావు. ఏ రోజు ఏది చదవాలో తిథే చెబుతుంది, మనం ఏరుకునేదేమీ ఉండదు. ఇక్కడ ఆ పద్ధతి నెలతో ఆగకుండా ఏడాదంతా, ఆ మాటకొస్తే జీవితమంతా సాగుతుంది. నా మటుకు నాకు ఈ చదువులో అసలు సంగతి ఇదే. పొద్దున్నే మన వాట్సాప్‌లోకి వచ్చే వాగ్దాన వచనాలన్నీ తీపివే కదా? లేవీయకాండం 12 ఎవరైనా పంపారా నీకు? మగపిల్లాణ్ణి కన్న తల్లికి ఏడు రోజులు, ఆపైన 33 రోజులు. ఆడపిల్లను కంటే పద్నాలుగు, ఆపైన 66. ఎందుకు రెట్టింపు? ఈ టేబుల్ దగ్గర ఆ అధ్యాయాన్ని దాటేసే వీలు లేదు. దాని వారం వచ్చిందంటే, ముగ్గురు ఆడపిల్లల తల్లి కూడా దాన్ని చదవాల్సిందే, చదివి అడగాల్సిందే. పాత వ్యాఖ్యాతలు రకరకాలుగా సమాధానాలు చెప్పారు. నేను కూర్చున్న చోట ఏ సమాధానానికీ అందరూ ఒప్పుకోగా చూడలేదు. ఏం ఫరవాలేదు, వచ్చే ఏడు మళ్ళీ వస్తుందిగా అంటారు.

నువ్వు విన్న గొంతులు లేవడం అందుకే. అవి పోట్లాటలు కావు, చదివే పద్ధతే అది. ఇద్దరిద్దరు జంటగా కూర్చుని ఒకరి మాట ఒకరు కొట్టేసుకుంటూ చదవడాన్ని హెవ్రూతా అంటారు. ఎదుటి మనిషి కాదనకపోతే చదివినట్టే కాదు వీళ్ళకు.

సంఖ్యాకాండం 5 వారం ఎలాగుంటుందో చెబుతాను. భార్య మీద అనుమానం వచ్చిన మొగుడు ఆమెను యాజకుడి దగ్గరికి తీసుకొస్తాడు. యాజకుడు ఆమె తల ముసుగు తీసి, నేల మీది ధూళి కలిపిన నీళ్ళలో శాపం రాసిన అక్షరాలు కడిగి, ఆమె చేత తాగిస్తాడు. తప్పు చేస్తే ఒళ్ళు చెడుతుంది, లేకపోతే ఏమీ కాదు. నేను విన్న పాఠంలో ఒకామె అంది: ‘మట్టి కలిపిన నీళ్ళకు ఎవరికీ ఏమీ కాదు. అసలు జరిగిందేమిటంటే, ఆ మొగుడి చేతి కింద నుంచి ఆమెను తప్పించి బయటికి తెచ్చారు.’ ఎదురుగా కూర్చున్నామె వెంటనే, ‘ఊరందరి ముందు జుట్టు విప్పించాక ఇంకేం మిగిలింది తప్పించడానికి?’ అంది. మూడో ఆమె తన అల్లుడు కూతురి ఫోన్ లాక్కుని మెసేజ్‌లు చూస్తాడని ఎప్పుడు మొదలెట్టిందో ఎవరూ గమనించలేదు. ఆ సాయంత్రం ఇక ఆ అధ్యాయం పాతదిగా లేదు. ఈ ఆచారాన్ని ఒకటో శతాబ్దంలోనే రబ్బీ యోహానాన్ బెన్ జక్కాయ్ ఆపించేశాడని రబ్బీల పాత ధర్మశాస్త్ర సంకలనం మిష్నా చెబుతుంది, వ్యభిచారం పెచ్చుపెరిగిపోయిందన్న కారణంతో. ఆచారం ఆగింది కానీ అనుమానం ఆగలేదు కాబట్టి చదువు ఆగలేదు.

ఆడవాళ్ళు తోరా నేర్చుకోవచ్చా కూడదా అన్న పాత తగవు మొదలైంది కూడా ఈ అధ్యాయం దగ్గరే. కూతురికి తోరా నేర్పడం తండ్రి బాధ్యత అన్నాడు బెన్ అజ్జాయ్ అనే పాత పండితుడు. ఈ నీళ్ళు తాగాల్సి వస్తే, తన పుణ్యం తనను కాస్తుందని ఆమెకు తెలిసుండాలట. రబ్బీ ఎలియెజెర్ ఠక్కున, కూతురికి తోరా నేర్పినవాడు ఆమెకు చెడు నేర్పినట్టే అన్నాడు. రబ్బీల వాదాలన్నీ కూర్చిన పెద్ద గ్రంథం తల్మూదులో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. వందల ఏళ్ళు గెలిచింది మాత్రం రెండో మాటే. 12వ శతాబ్దంలో మైమోనిదెస్ అనే ధర్మశాస్త్ర పండితుడు కొంచెం సడలించి, చదివిన ఆడదానికి పుణ్యముందన్నాడు, కానీ తండ్రి పనిగట్టుకుని నేర్పొద్దన్నాడు.

మరి ఆడవాళ్ళు లోపలికి ఎలా వచ్చారు? ఈ వారపు భాగం పట్టుకునే వచ్చారు. తూర్పు యూరపులో హీబ్రూ రాని ఆడవాళ్ళ కోసం వాళ్ళ ఇంటి భాష యిద్దిష్‌లో ‘త్సెనా ఉరెనా’ అనే పుస్తకం వచ్చింది. మనకు దొరికే అచ్చుల్లో పాతది 1622 నాటిది. వారం వారం భాగం ప్రకారమే కథలూ వ్యాఖ్యానాలూ కలిపి అల్లారు దాన్ని. శనివారం మధ్యాహ్నం మగవాళ్ళు కునుకు తీస్తుంటే అమ్మమ్మలు ఇది ముందేసుకుని పైకి చదివేవారట. రెండు వందలకు పైగా ముద్రణలు పడింది. ‘ఆడవాళ్ళ పుస్తకం’ అని చిన్నచూపు చూసినవాళ్ళే, అమ్మ ఒళ్ళో తోరా మొదట విన్నది అందులోంచే.

మన పక్కన కొచ్చిన్ యూదులది ఇంకో దారి. అక్కడి ఆడవాళ్ళు బైబిలు కథలను మలయాళం పాటలుగా కట్టి, నోటు పుస్తకాల్లో రాసుకుని తల్లి నుంచి కూతురికి అందించారు. వాళ్ళలో చాలామంది 1950ల్లో ఇజ్రాయెల్ వచ్చేశారు. దక్షిణాన నెవాతీమ్ అనే ఊరి వైపు ఎప్పుడైనా వెళ్తే అడుగు, ఆ పాటలు తెలిసిన ముసలమ్మలు దొరికితే నీ అదృష్టం.

పెద్ద మార్పు పోలండులోని క్రాకోలో మొదలైంది, అదీ ఒక కుట్టుపని చేసే ఆవిడ చేతుల మీదుగా. సారా షెనిరెర్, పుట్టింది 1883లో. ఆ ప్రాంతంలో మగపిల్లల్ని మతపాఠాలకు పంపేవారు, ఆడపిల్లలు ప్రభుత్వ బడికి వెళ్ళి పోలిష్ సాహిత్యం చదివేవారు. దాంతో కూతుళ్ళకు లోకం తెలిసింది, ఇంటి మతం తెలియలేదు. బట్టలు కొలతలు తీసుకుంటూనే సారా ఇది గమనించింది. ఒంటికి ఇన్ని రకాల బట్టలు కుడుతున్నాం, మనసుకు ఏం తొడుగుతున్నాం అని ఆవిడ బాధపడేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1917లో పాతిక మంది ఆడపిల్లలతో బడి పెట్టింది. ఆ తరంలో అందరూ తలవంచిన రబ్బీ హఫెత్స్ హయీమ్, పాత రోజుల్లో ఇంటి వాతావరణమే నేర్పేది, ఇప్పుడలా లేదు కాబట్టి ఆడపిల్లలకు నేర్పి తీరాలి అన్నాడు. 1935లో ఆవిడ పోయేనాటికి ఆ వరసలో వచ్చిన బెయిస్ యాకోవ్ అనే బడులు రెండు వందలు దాటాయి. నువ్వు బ్నెయ్ బ్రాక్ వైపు బస్సెక్కితే నీలం చొక్కాల్లో కనిపించే అమ్మాయిలు ఆ వరసలో వచ్చినవాళ్ళే.

నీ మామ్మగారి టేబుల్‌కు మాత్రం దగ్గరి చుట్టం నెహమా లెబోవిత్స్. 1905లో రిగాలో పుట్టి, జర్మనీలో డాక్టరేటు చేసి, 1930లో ఇక్కడికి వచ్చింది. 1942లో ఏం జరిగిందంటే, యెరూషలేములో కొన్నాళ్ళు చదువుకుని తిరిగి తమ ఊళ్ళకు వెళ్ళిపోతున్న కొందరు ఆడవాళ్ళు, చదువు ఆగిపోకుండా ఏదైనా పంపమని అడిగారు. ఆవిడ ఆ వారపు పరాషా మీద ఒక కాగితం తయారుచేసింది. దాని మీద పాఠం ఉండదు, ప్రశ్నలే. కష్టమైన ప్రశ్న పక్కన ఒక ఇంటూ గుర్తు, మరీ కష్టమైనదానికి రెండు. జవాబులు పోస్టులో వస్తే ఎర్ర సిరాతో దిద్ది తిరిగి పంపేది. ఆ కాగితాలు దాదాపు ముప్ఫై ఏళ్ళు ఆగకుండా వెళ్ళాయి, గృహిణులకు, నర్సులకు, సైనికులకు, పొలాల్లో పనిచేసేవాళ్ళకు. వేల కొద్దీ జవాబులు ఒక్క చేత్తో దిద్దింది. 1956లో ఇజ్రాయెల్ ప్రైజ్ ఇచ్చారు. 1997లో చనిపోతే, ఆవిడ కోరిక ప్రకారం సమాధి రాయి మీద పేరూ, దాని పక్కన ‘టీచరు’ అన్న ముక్కా మాత్రమే చెక్కారు.

ఆవిడ పేరు మీద ఈ రోజుకీ షియూర్లలో వినిపించే ప్రశ్న ఒకటుంది: ‘రాషీకి ఇక్కడ ఏం అడ్డం తగిలింది?’ రాషీ 11వ శతాబ్దపు ఫ్రాన్సులో ఉన్న పెద్ద వ్యాఖ్యాత. ఆయన ఊరికే నోరు విప్పడు. వచనంలో ఏదో ముల్లు గుచ్చుకుంటేనే వ్యాఖ్య రాస్తాడు. ఆ ముల్లేమిటో ముందు నువ్వు కనిపెట్టు, ఆ తర్వాతే ఆయన జవాబు చదువు. ఇదీ ఆవిడ పద్ధతి.

నిర్గమకాండం 38:8 తీసి చూడు. గుడారం ద్వారం దగ్గర సేవ చేసే స్త్రీల అద్దాలతో ఇత్తడి గంగాళం చేశారని ఒక్క వాక్యం. ముల్లెక్కడ? మిగతా బంగారం, వెండి, ఇత్తడి ఎవరెవరు ఏం ఇచ్చారో కలగలిపి లెక్క చెప్పిన పుస్తకం, ఈ అద్దాలను మాత్రం ఎందుకు విడిగా చెప్పింది? పైగా అలంకరణ సామాను దేవుడి గుడారంలోకి ఎలా వచ్చింది? రాషీ పాత మిద్రాష్ కథ, అంటే రబ్బీలు వచనాలకు అల్లిన కథ, ఎత్తుకుంటాడు. ఆడవాళ్ళు అద్దాలు తెస్తే మోషేకు చీదరించింది, మోహం పుట్టించే వస్తువులని. అప్పుడు దేవుడు, ‘తీసుకో, నాకు అన్నిటికంటే ఇవే ప్రియం’ అన్నాడు. ఎందుకంటే ఐగుప్తులో ఇటుకల పని చేసి ఒళ్ళు హూనమై పడున్న మొగుళ్ళ దగ్గరికి ఈ ఆడవాళ్ళే అన్నం, నీళ్ళు పట్టుకెళ్ళారు. తినిపించి, అద్దం తీసి ఇద్దరి ముఖాలూ అందులో చూపిస్తూ, ‘నీకంటే నేనే బాగున్నాను చూడు’ అని ఆటపట్టించారు. బానిసలకు పిల్లలెందుకు అని మగవాళ్ళు చేతులెత్తేసిన చోట, జాతి నిలబడింది ఆ అద్దాల వల్లే.

ఈ భాగం వచ్చిన వారం ఒక పాఠంలో, పొడుగు చేతుల చొక్కా తొడుక్కున్న మనవరాలూ, ఎర్రగా లిప్‌స్టిక్ వేసుకున్న బామ్మా ఎదురెదురుగా కూర్చున్నారు. మోషే వైపు మనవరాలు, అద్దాల వైపు బామ్మ. గంటన్నర గడిచింది. మధ్యలో ఒక నర్సు, భర్తకు ఉద్యోగం పోయి ఏడాదిగా మంచం దిగని సంగతి చెప్పింది, చెప్పి ఇంకేమీ మాట్లాడలేదు. ‘ఈ కాలానికి ఏం పనికొస్తుంది’ అని నువ్వడిగావు. పనికొచ్చే సలహా ఎవరూ ఇవ్వలేదు ఆ రాత్రి. కానీ ఇంటి పరువని ఏడాది పాటు దాచుకున్న మాట, అద్దాల వంకతో బయటికొచ్చింది. నేరుగా ‘నీ సంసారం ఎలా ఉంది’ అని అడిగితే చచ్చినా చెప్పేది కాదు.

ఇంకో వారం నాకు బాగా ఇష్టం. సంఖ్యాకాండం 27, సెలోపెహాదు కూతుళ్ళు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. అయిదుగురి పేర్లూ ఉన్నాయి చూడు, బైబిల్లో ఎంతమంది ఆడవాళ్ళు పేరు లేకుండా పోయారో గుర్తుంటే దాని విలువ తెలుస్తుంది. మోషే ముందు, యాజకుడి ముందు, పెద్దలందరి ముందు నిలబడి, మా నాన్నకు కొడుకులు లేనంత మాత్రాన ఆయన పేరు ఎందుకు పోవాలి, మాకు భూమి ఇవ్వండి అన్నారు. మోషేకు జవాబు తోచక దేవుణ్ణి అడిగాడు. వాళ్ళు చెప్పింది సరైనదే అని తీర్పు వచ్చింది. మోషే కంటికి కనబడనిది ఈ ఆడవాళ్ళ కంటికి కనబడింది అని రాషీ రాశాడు. తొమ్మిది వందల ఏళ్ళ కిందటి మగవాడు ఆ మాట రాయడం చిన్న విషయం కాదు.

అయితే పుస్తకం అక్కడ ఆగదు. వారం తర్వాతో, రెండు వారాల తర్వాతో 36వ అధ్యాయం వస్తుంది. ఆ గోత్రం పెద్దలు వచ్చి, వీళ్ళు బయటివాళ్ళను చేసుకుంటే మా భూమి పరాయి గోత్రానికి పోతుంది అంటారు. సరే, సొంత గోత్రంలోనే చేసుకోవాలి అని కొత్త షరతు పడుతుంది. ఇచ్చిన చెయ్యే కొంచెం వెనక్కి లాక్కుంది. నేను ఆ రోజు మన సంగతి చెప్పాను. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ హయాంలో హిందూ ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ 1986లో సవరణ చేశారు, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. కానీ ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయినవాళ్ళకు లేదు. మా వీధిలో అక్కకు లేక చెల్లెలికి వచ్చిన ఇళ్ళున్నాయి. 2005లో కేంద్ర చట్టం వచ్చాకే ఆ గీత చెరిగింది. విన్న ఒక బామ్మ, ‘అయితే మీకూ 36వ అధ్యాయం ఉందన్నమాట’ అంది. ఇజ్రాయెల్ 1965 వారసత్వ చట్టంలో కొడుకూ కూతురూ సమానమే. పాత యూదు ధర్మశాస్త్రంలో మాత్రం కొడుకులుంటే కూతుళ్ళు వారసులు కారు.

పెళ్ళిళ్ళ సంగతైతే ఇక్కడ పాతదీ కాదు, కథా కాదు. రిబ్కాను పంపే ముందు ‘ఈ మనిషితో వెళ్తావా’ అని ఆమెనే అడిగారు, ఆదికాండం 24లో. ఆడదాని ఒప్పుకోలు లేకుండా పెళ్ళి చేయకూడదని అందులోంచి నేర్చుకుంటారు. అదొక వైపు. ద్వితీయోపదేశకాండం 24 మొదటి వచనంలో, మొగుడు పరిత్యాగ పత్రం రాసి ఆమె చేతికివ్వాలి అని ఉంది. ఇక్కడ యూదుల పెళ్ళిళ్ళూ విడాకులూ 1953 చట్టం ప్రకారం రబ్బీల కోర్టు చేతిలో ఉన్నాయి కాబట్టి, ఆ ఒక్క వచనమే ఈ రోజుకీ చట్టం. ఆ పత్రాన్ని గెత్ అంటారు. మొగుడు ఇవ్వనంటే ఆమె ఇంకో పెళ్ళి చేసుకోలేదు. ఏళ్ళ తరబడి అలా కట్టేసినట్టు ఉండిపోయినవాళ్ళున్నారు. కోర్టు చెప్పినా గెత్ ఇవ్వనివాడి డ్రైవింగ్ లైసెన్సు ఆపడానికీ జైల్లో పెట్టడానికీ 1995లో చట్టం తెచ్చారు. అంతకంటే ముఖ్యం, 1990ల నుంచి ధర్మశాస్త్రం చదివిన ఆడవాళ్ళు ఆ కోర్టుల్లో ఆడవాళ్ళ తరఫున వాదించడం మొదలుపెట్టారు. పొదుపుగా చెప్పాలంటే, చదవనివ్వని రోజుల్లో ఆమె తలరాతను ఇంకొకరు చదివి చెప్పేవారు. ఇప్పుడు ఆమె వకీలే వచనం తీసి చూపిస్తుంది. ఈ చదువు ఇక్కడ కాలక్షేపం కాదని నేననడానికి ఇదే కారణం.

వారపు భాగంతో మొదలైనవాళ్ళు అక్కడే ఆగలేదు కూడా. రోజుకో పేజీ చొప్పున ఏడున్నరేళ్ళు తల్మూదు చదివే పద్ధతి ఒకటుంది. 2020 జనవరిలో అది పూర్తయిన సందర్భానికి యెరూషలేములో మూడు వేల మంది దాకా ఆడవాళ్ళు ఒక్క హాల్లో కూడారు. ఒకప్పుడు వాళ్ళను ముట్టుకోనివ్వని గ్రంథం అది. సమాజమందిరంలో తోరా గ్రంథపు చుట్ట విప్పి అందరి ముందు చదవడం మాత్రం ఇంకా శాఖను బట్టి ఉంటుంది. సంస్కరణ, మధ్యేమార్గ శాఖల్లో ఆడవాళ్ళు చదువుతారు, సంప్రదాయ శాఖలో చాలావరకు లేదు. మీ మామ్మగారు ఏ తరహానో నీకే తెలుస్తుంది.

మన గురించీ ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. లేవీయకాండం 19లో, కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోకు అని ఉంది. ద్వితీయోపదేశకాండం 24 కూడా అదే అంటుంది, ఏ రోజు కూలి ఆ రోజు, పొద్దు గూకేలోపు ఇవ్వమని. నెల జీతమైతే నెల పూర్తయిన రోజు లెక్క. ఇక విశ్రాంతి దినం ఆజ్ఞ ద్వితీయోపదేశకాండం 5లో చదివితే, నీ దాసుడూ దాసీ నీలాగే విశ్రాంతి తీసుకోవాలి అని రాసి ఉంటుంది. నేనున్న ఒక ఇంట్లో షియూర్ శనివారం మధ్యాహ్నం జరిగేది. ఆ భాగం పైకి చదువుతున్నామె సరిగ్గా ‘నీలాగే’ అన్న చోట ఆగి, ట్రే పట్టుకుని నిలబడ్డ నన్ను చూసింది. ఎవరూ మాట్లాడలేదు కాసేపు. తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఆమె ఉద్యోగి, దాసి కాదు అని ఒకరు. జీతమిస్తే విశ్రాంతి కొనేసినట్టా అని ఇంకొకరు. మామ్మ చెవిటి మిషను సర్దుకుని, ‘ఆ అమ్మాయి వారం సెలవు ఎప్పుడు?’ అని కూతుర్ని అడిగింది. నిజానికి ఆ రోజే నా సెలవు, వాళ్ళొస్తారని ఉండిపోయాను. పై వారం నుంచి షియూర్ బుధవారానికి మారింది, కప్పులు వాళ్ళే కడుక్కునేవారు, నాకు నచ్చినట్టు కడగలేదనుకో.

అన్ని ఇళ్ళూ ఇలా ఉండవు, అబద్ధం చెప్పను. ఆ వచనం కంఠస్థమున్న ఇళ్ళలోనే జీతం ఆలస్యమైన అమ్మాయిలు నాకు తెలుసు. వచనం చదివినంత మాత్రాన మనిషి మారడు. కానీ మారాల్సింది ఏమిటో ఏడాదికోసారి ముఖం మీద చదివి వినిపించే క్యాలెండరు ఉండటం మేలే.

ఇక కూర్చోవచ్చా అన్నావు. నిక్షేపంగా. అన్యజనుడైనా తోరాలో నిమగ్నమైతే ప్రధాన యాజకుడితో సమానం అని రబ్బీ మేయిర్ మాట తల్మూదులోనే ఉంది. కాదన్న మాట కూడా అదే పేజీలో ఉందిలే, వాళ్ళ పద్ధతే అంత. ముందు మామ్మగారిని అడుగు, నీ డ్యూటీ టైములో అయితే కూతురికీ చెప్పు. కొన్ని జాగ్రత్తలు మాత్రం పాటించు. మన తెలుగు బైబిల్లో ఉన్న యెహోవా అన్న నామం అక్కడ పైకి పలకొద్దు, వాళ్ళు పలకరు. ‘హషెమ్’ (ఆ నామం) అను చాలు. పాత నిబంధన అనకు, తోరా అను. యేసు ప్రభువు ప్రస్తావన నువ్వు తేకు. వాళ్ళు అడిగితే, అడిగినంతవరకే చెప్పు. మతం మార్చడానికి వచ్చారన్న అనుమానం ఇక్కడ చరిత్ర నిండా ఉంది, ఒక్క మాటతో చనువు పోతుంది. పుస్తకం మీద కప్పు పెట్టకు, నేల మీద పెట్టకు. వండినది ఏదీ తీసుకెళ్ళకు, కోషెర్ (వాళ్ళ ఆహార నియమాలకు సరిపోతుందన్న) ముద్ర ఉన్న సీలు పాకెట్టు అయితే సరే. శనివారం పూట రాయడం, రికార్డు చేయడం అస్సలు వద్దు.

ఆ వారం భాగం పేరు వంటింటి క్యాలెండర్లో శనివారం గడిలో ఉంటుంది. అధ్యాయం, వచనం అంకెలు తెలుగు బైబిలుతో దాదాపు అన్నిచోట్లా కలుస్తాయి కాబట్టి సోమవారం రాత్రే ఒకసారి చదువుకో. వచ్చాక కనీసం ఒక ప్రశ్న వేసెయ్. తెలివైన ప్రశ్నే అక్కర్లేదు. ‘ఆ అయిదుగురి అమ్మ ఎక్కడుంది, ఆమె పేరెందుకు లేదు’ అని నేను వేసిన ప్రశ్న మీద రెండు గంటలు నడిచింది.

మన తెలుగువాళ్ళలో యూదులున్నారా అని ఆఖర్న అడిగావు. ఉన్నారు. గుంటూరు జిల్లాలో చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని కొన్ని కుటుంబాలున్నాయి. 1980ల చివర్లో తాము ఇశ్రాయేలు గోత్రాల సంతతి అని ప్రకటించుకుని, సమాజమందిరం కట్టుకుని, విశ్రాంతి దినం పాటిస్తూ తెలుగులో ఈ అయిదు పుస్తకాలూ చదువుకుంటారు. మామ్మగారికి చెప్పి చూడు, ఆ మంగళవారం పరాషా పక్కనపెట్టి నిన్నే కూర్చోబెట్టి అడుగుతారు.